ఎండాకాలపు దుమ్ము, చలికాలపు మసి: కడప నుంచి ఒక జవాబు

"మండువేసవిలో ఊరంతా దుమ్ము రేగుతుంటే, గాలి చలికాలంలోనే ఎక్కువ హానికరమని డాక్టర్లు ఎందుకంటారు?" అని మీరు అడిగారు. కడపలో ఇంటర్మీడియట్ పిల్లలకు చాలాకాలంగా రసాయనశాస్త్రం చెబుతున్నాను కాబట్టి సూటిగా చెబుతాను: ఋతువు మారితే గాలిలోని కణాల పరిమాణమూ, వాటిలోని పదార్థమూ రెండూ మారిపోతాయి.

ఒక మే నెలలో మా ఇంటి వీధివైపు కిటికీకున్న దోమల జాలీని తడి తెల్లగుడ్డతో తుడిచి, ఆ మట్టిని బీకరులోకి జాడించి, పిల్లల ముందు పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేశాను. బుసబుసమంటూ నురగ పైకి పొంగింది. అది సున్నపురాతి కార్బనేటు చేసే పని. ఎర్రగుంట్ల వైపు సున్నపురాతి గనులూ సిమెంటు కర్మాగారాలూ, మన నల్లరేగడిలోని సుద్దగడ్డలూ ఉన్నచోట దుమ్ము అలా పొంగక మానదు. సంక్రాంతికి ముందు అదే జాలీని మళ్ళీ తుడిచినప్పుడు, గుడ్డకు మట్టిరంగుకు బదులు నల్లటి జిడ్డు అంటుకుంది. వేళ్ళకంటినది సబ్బుతో రుద్దినా ఒక పట్టాన వదల్లేదు. ఆమ్లం వేస్తే ఒకటి రెండు బుడగలు లేచి ఆగిపోయాయి. పాఠ్యపుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా రాని అవగాహన ఆ పూట పిల్లలకు వచ్చింది.

ఆ జిడ్డు కట్టెల పొయ్యిలు, చలిమంటలు, చెత్తకుప్పలు, డీజిలు బండ్ల నుంచి వచ్చిన మసి. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి, పైనున్న వెచ్చటి గాలి దానికి మూతలా పడుతుంది కాబట్టి, ఈ పొగ పైకి పోలేక ఊరి మీదే నిలిచిపోతుంది. దీనికి తోడు, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో నైట్రిక్ ఆమ్లంగా మారి, పశువుల పేడ నుంచీ యూరియా నుంచీ వచ్చే అమోనియాతో కలిసి అమ్మోనియం నైట్రేటు అవుతాయి. అది చలికీ తేమకూ సన్నటి కణంగా నిలుస్తుంది, ఎండ ముదిరితే తిరిగి ఆవిరైపోతుంది. గంగా మైదానంలో ఏర్పడినంత నైట్రేటు మన దగ్గర ఏర్పడదు, కాని జరిగే రసాయన చర్య మాత్రం అదే. వేసవిలో నైట్రిక్ ఆమ్లాన్ని సున్నపు దుమ్ము పట్టేసుకుంటుంది. అప్పుడది పెద్ద రేణువుల మీద కాల్షియం నైట్రేటుగా ఉండి, చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. చలికాలపు సన్న కణం ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగుతుంది. వానలు మొదలైతే నీటిలో కరిగే సల్ఫేట్లూ నైట్రేట్లూ త్వరగా కడుక్కుపోతాయి గాని, కొత్తగా పుట్టిన మసి నీటిని అంత తేలిగ్గా పట్టదు.

ఇంత తేడా ఉండగా, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు పథకం పనితీరును ప్రధానంగా పీఎం 10 (మిల్లీమీటరులో వందో వంతు, అంతకన్నా చిన్న కణాలన్నీ) బరువుతో లెక్కకట్టడం నాకు ఏమాత్రం నచ్చదు. అలా లెక్కకడితే, బరువైన దుమ్మును అణచడానికి రోడ్లకు నీళ్ళు చల్లడమే పెద్ద పనిగా కనిపిస్తుంది, చలికాలపు విషం అలాగే మిగిలిపోతుంది. ఇక తెల్లవారకముందే పొడి చీపుర్లతో వీధులూడ్చి, పోగుచేసిన ఆకులకూ ప్లాస్టిక్ సంచులకూ అక్కడే నిప్పు పెట్టడం చూస్తే నాకు కోపం ఆగదు. ఊరి మీద మూత బిగిసి ఉండే వేళలోనే ఆ పొగ పెడుతున్నారు.

అందులో నాలుగో వంతు, అంతకన్నా చిన్న సైజు ఉండే సన్న కణాలను పీఎం 2.5 అంటారు. 24 గంటల సగటు పీఎం 2.5కు మన దేశ పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15. ఈ అంకెలతో పాటు, అందులో మసి ఎంత, మట్టి ఎంత, నైట్రేటు ఎంత అన్నది కూడా ఋతువువారీగా ప్రజలకు చెప్పాలి. పక్కనే అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంవారు ఇస్రో కార్యక్రమం కింద గాలిలోని కణాలను ఏళ్ళ తరబడి పరిశీలిస్తున్నారు కాబట్టి, ఆ విద్య తెలిసినవారు రాయలసీమలో లేరనడానికి వీల్లేదు.

మీ ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దవాళ్ళుంటే, డిసెంబరు, జనవరి నెలల్లో వారి నడకను తెల్లవారుజాము నుంచి బాగా ఎండ వచ్చిన తరువాతి వేళకు మార్చండి.