కోల్టా, రెమింగ్టనా: పైపట్టీ చూసి తీర్పు చెప్పేవాళ్లకు నా జవాబు

ప్రశ్న: అమెరికా అంతర్యుద్ధం నాటి క్యాప్ అండ్ బాల్ రివాల్వర్లలో కోల్ట్ 1860 ఆర్మీ మెరుగా, రెమింగ్టన్ 1858 మెరుగా? డిజైన్ పరంగా చెప్పండి.

నా దగ్గర కోల్ట్ ఉంది, మా బావమరిది దగ్గర రెమింగ్టన్ ఉంది. రెండూ అసలువి కావు, ఇటలీలో చేసిన నకళ్లు. క్యాప్ అండ్ బాల్ అంటే తూటా ఉండదు: తిరిగే దిమ్మ, అదే సిలిండర్, దానిలోని ఆరు గదుల్లో ఒక్కోదానిలో మందు పోసి, గుండు దిగేసి, వెనక నిప్పు పుట్టించే చిన్న రాగి క్యాపు తొడగాలి. ఇద్దరం డాలస్ దగ్గర్లోనే ఉంటాం కాబట్టి ఈ ప్రశ్న మా ఇంట్లో నాలుగేళ్లుగా ప్రతి పండగ భోజనం దగ్గరా లేస్తుంది, ఆడవాళ్లు లేచి వెళ్లిపోయేదాకా నడుస్తుంది. నా జవాబు ముందే చెప్పేస్తున్నా: కోల్ట్. ఎవర్ని అడిగినా రెమింగ్టన్ అనే అంటారని తెలుసు, చెప్పే కారణం కూడా ఒక్కటే అని తెలుసు. పైపట్టీ.

రెమింగ్టన్ ఫ్రేము కిటికీ చట్రంలా నాలుగు వైపులా మూసి ఉంటుంది, సిలిండర్ దాని మధ్యలో కూర్చుంటుంది. ఆ చట్రం పై కమ్మీనే పైపట్టీ. కోల్ట్‌కు పైన ఏమీ ఉండదు, సిలిండర్ బోడిగా కనిపిస్తుంది. బ్యారెల్ వేరే ముక్క, ఫ్రేము వేరే ముక్క. ఫ్రేములోంచి వేలంత లావు ఇరుసు ముందుకొస్తుంది, సిలిండర్ దాని మీద తిరుగుతుంది, ఆ ఇరుసు చివరికి బ్యారెల్ తొడిగి అడ్డంగా ఒక చీల కొడతారు. ఎడ్లబండి చక్రం ఊడిపోకుండా కడశీల కొట్టినట్టే. అది చూడగానే అందరికీ భయం: "ఒక్క చీల మీద ఆధారపడిన తుపాకీ ఏం తుపాకీ?" అని. ఊళ్లకు ఊళ్లు కడశీల మీదే నడిచాయి బాబూ.

పైపట్టీ ఉంటే గట్టిగా ఉంటుంది, కాదనను. కానీ ఈ .44 (గొట్టం సైజు, అంగుళాల్లో) రివాల్వర్లలో గదికి మనం పోసేది పాతిక ముప్పై గ్రెయిన్ల మందు, అంటే రెండు గ్రాములకు లోపే. ఆ దెబ్బకు ఉక్కు ఫ్రేము విరగదు. బలం గురించిన వాదన అసలు సమస్యను వదిలేసి పక్కింటి సమస్యను పట్టుకోవడం లాంటిది. అసలు సమస్య మసి. ఈ పాతకాలపు తుపాకి మందు కాలితే దాని బరువులో సగానికి పైగా పొగా గాలీ అయిపోకుండా గట్టి పదార్థంగానే మిగులుతుంది. (దీన్ని "నల్లమందు" అని తెలుగు చేసి మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన పోస్ట్ పెట్టాడు, "ఈ శనివారం నల్లమందు ప్రాక్టీస్" అని. నల్లమందు అంటే ఓపియం, మహానుభావా. ఉత్త "మందు" అన్నా ఇంకో అర్థం వస్తుంది, అది వేరే గొడవ.) ఆ మసి సిలిండర్ ముందు ముఖం మీదా, అది తిరిగే ఇరుసు మీదా పేరుకుంటుంది. కాబట్టి అడగాల్సింది ఏది గట్టిది అని కాదు, మసి పట్టాక కూడా ఏది తిరుగుతుంది అని.

పోయిన ఏడాది ఆగస్టులో ఒక శనివారం జరిగింది చెబుతా. పదకొండు దాటేసరికి వంద ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 38. కాల్పులు ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో రేకుల షెడ్డు. గుండ్ల మీద గ్రీజు పూయాలి కదా, ఒక గది పేలినప్పుడు ఆ నిప్పు పక్క గదులకు అంటుకోకుండా. నేను ఇక్కడి డాల్డా లాంటిది ఒక డబ్బాలో తెచ్చా, అది ఎండకు కరిగి నూనె అయి కూర్చుంది. వేలితో తీసి పూస్తుంటే మోచేతి దాకా కారుతోంది. మా వాడు తెలివిగా ఉన్ని బిళ్లలు తెచ్చుకున్నాడు, మందుకూ గుండుకూ మధ్య పెట్టేవి. నాకు ఇవ్వలేదు, "కోల్ట్‌కు అవసరం లేదన్నావుగా బావా" అన్నాడు.

మొదటి రెండు సిలిండర్లు ఇద్దరివీ బాగానే నడిచాయి. మూడోదాంట్లో, పదిహేనో గుండు దగ్గర అనుకుంటా, వాడి రెమింగ్టన్ బిగిసింది. హ్యామర్ (క్యాపును కొట్టే వెనక మీట, దాన్ని లాగితేనే సిలిండర్ తిరిగేది) వెనక్కి లాగుతుంటే బొటనవేలు నొప్పి పుట్టేలా ఉంది. ఎడమ చేత్తో సిలిండర్‌ను తిప్పుతూ ఎలాగో ఆరూ అయ్యాయనిపించాడు.

"బావా, ఇది తిరగట్లేదు."

"పైపట్టీని అడుగు, తిప్పుతుందేమో."

కారణం వాడికీ తెలుసు. రెమింగ్టన్‌లో సిలిండర్ తిరిగేది పెన్సిల్ లావు పిన్ను మీద. కింది లీవర్ దించి ఆ పిన్ను ముందుకు లాగితే సిలిండర్ పక్కకు ఊడి చేతిలోకి వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సినిమాల్లో హీరోలు చకచకా సిలిండర్లు మార్చేది అందుకే. కానీ బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య సందులోంచి కొట్టే వేడి మసి తిన్నగా ఆ పిన్ను మీదికే పోతుంది, దాన్ని ఆపేది ఏదీ లేదు. కోల్ట్ ఇరుసు లావు, పైగా దాని మీద మరమేకుకు ఉన్నట్టు చుట్టూ గాళ్లు ఉంటాయి, గ్రీజు వాటిలో నిలుస్తుంది, మసి కూడా వాటిలోకి పోతుంది. వాడు పిన్ను లాగబోతే అది రాలేదు, గుడ్డ చుట్టి పట్టుకారుతో లాగాడు. తుడిచి, నూనె రాసి, మళ్లీ పెట్టేసరికి పది నిమిషాలు. ఈలోపు నేను నాలుగో సిలిండర్ కూడా కాల్చేశా, వాడికి వినపడేలా.

ఐదో సిలిండర్ రెండో గుండు తర్వాత నాది ఆగిపోయింది.

ఇక్కడ కోల్ట్ తప్పు ఒప్పుకోవాలి. దీపావళికి రీలు తుపాకీ కాల్చినవాళ్లకు తెలుసు, రీలు కాగితం నలిగి లోపల ఇరుక్కుంటుంది. ఇది రాగి క్యాపు, పేలగానే చీలి పువ్వులా విచ్చుకుంటుంది. కోల్ట్ వెనక భాగం తెరిచి ఉంటుంది కాబట్టి ఆ రాగి ముక్క హ్యామర్ సందులోంచి లోపలి యంత్రంలోకి పడుతుంది. నాకు హ్యామర్ సగం దాకా వచ్చి ఆగింది, ముందుకీ వెనక్కీ కదలదు. పాతకాలం వాళ్లు దీనికి ఒక ఉపాయం చెబుతారు, హ్యామర్ లాగేటప్పుడు తుపాకీ మూతి పైకెత్తితే క్యాపు ముక్కలు బయటికి రాలిపోతాయని. మా రేంజ్‌లో మూతి ఆకాశం వైపు ఎత్తితే ఇంటికి పంపించేస్తారు. వాళ్ల భయం వాళ్లది, సరే, కానీ 1860 నాటి డిజైన్‌ను ఇప్పటి పిస్టల్ రూల్స్‌తో కాల్చమంటే ఆ తప్పు తుపాకీది ఎలా అవుతుంది? మా వాడు మాత్రం ఈ పాయింట్ ఒప్పుకోడు.

"ఏం బావా, ఇరుసుని అడగకపోయావా?"

మూతి టార్గెట్ వైపే ఉంచి, మిగిలిన నాలుగు క్యాపులూ ముందు ఊడదీసి, బ్యారెల్ తీద్దామని ప్లాస్టిక్ సుత్తితో చీలను కొట్టా. మసికి బిగిసిపోయి కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా కొట్టా. టింగుమని ఎగిరి బెంచీ అవతల కంకరలో పడింది. చీల పూర్తిగా ఊడిపోకుండా పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని నేనే ఎప్పుడో తీసి డబ్బాలో పడేశా, ప్రతిసారీ అడ్డం వస్తోందని. కాల్పులు ఆపే విరామం వచ్చేదాకా ఆగి, ఆ మండుటెండలో కంకరలో మోకాళ్ల మీద కూర్చుని వెతికా. బూడిద రంగు కంకర, బూడిద రంగు చీల. పక్క బెంచీ పెద్దాయన పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు, లేచి వెళ్లి టూల్‌బాక్స్‌లోంచి అయస్కాంతం తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో దొరికింది. దాంతో పాటు ఎవరివో మూడు స్క్రూలు కూడా.

లెక్క చూస్తే నాది ఇరవై ఆరో గుండుకు ఆగింది, వాడిది పదిహేనుకు. నేను గెలిచినట్టే. ఒక్క రోజు చూసి తీర్పు ఇస్తావా అంటారేమో, నాలుగేళ్లుగా చూస్తున్నా, అలాగే ఉంది.

ఇంకో మాట. రెమింగ్టన్ పైపట్టీని ఏదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడతారు. ఇంగ్లండ్‌లో రాబర్ట్ ఆడమ్స్ 1851లోనే బ్యారెల్, ఫ్రేము ఒకే ముక్కగా చేసి, లండన్ మహా ప్రదర్శనలో కోల్ట్ పక్కనే పెట్టాడు. అసలు "1858" అన్న పేరే తప్పు. అది బ్యారెల్ మీద కొట్టిన, బీల్స్ అనే డిజైనర్ పేటెంట్ తేదీ, 1858 సెప్టెంబర్ 14. మీరు అడుగుతున్న న్యూ మోడల్ ఆర్మీ తయారైంది 1863 నుంచి. మరి యుద్ధంలో సైన్యం అన్ని రెమింగ్టన్లు ఎందుకు కొంది అంటే, డబ్బు. కోల్ట్ కంపెనీ మొదట్లో ప్రభుత్వం దగ్గర ఒక్కోదానికి 25 డాలర్లు గుంజింది, రెమింగ్టన్ అందులో సగానికే ఇస్తానంది. ఆపైన 1864 ఫిబ్రవరిలో హార్ట్‌ఫర్డ్‌లో కోల్ట్ ఫ్యాక్టరీ తగలబడింది. ఇందులో పైపట్టీ గొప్ప ఏముంది? ఆ యుద్ధంలో మనకు సంబంధించింది ఒకటుంది, ఎవరూ చెప్పరు. ఆ తుపాకి మందులో ముప్పాతిక వంతు సురేకారమే, అది ఎక్కువగా మన దేశం నుంచే, బీహార్ వైపు నుంచి, వెళ్లేది. 1861లో తుపాకి మందు చేసే కంపెనీకి చెందిన లామట్ డ్యూపాంట్‌ను అమెరికా ప్రభుత్వం లండన్ పంపింది ఆ భారత సురేకారం కొనడానికే.

"మరి కోల్టే 1873 మోడల్‌కు పైపట్టీ ఎందుకు పెట్టింది?" ఇది మా వాడి బ్రహ్మాస్త్రం. పెట్టింది, నిజమే. కానీ అప్పటికి ఇత్తడి తూటాలొచ్చాయి, చీలి రాలే క్యాపులు పోయాయి. పైగా ఆ 1873 సిలిండర్ ముందు భాగాన చూడండి, ముందుకు పొడుచుకొచ్చిన చిన్న బుష్, అంటే పిన్ను చుట్టూ తొడుగు, ఉంటుంది, మసి తిన్నగా పిన్ను మీదికి పోకుండా. పైపట్టీ తీసుకున్నారు, దానితో వచ్చే జబ్బుకు మందు కూడా కలిపి తీసుకున్నారు. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

గురి విషయంలో రెమింగ్టన్‌కు ఒక మార్కు ఇస్తా. దాని వెనక సైటు పైపట్టీలో గాడి, కదలదు. కోల్ట్‌ది హ్యామర్ మీద గాటు, లాగితే తప్ప కనపడదు, పాతిక గజాల్లో నాది జానెడు పైకి కొడుతుంది. చేతిలో ఇమడడంలో మాత్రం కోల్ట్ పిడికి పోటీ లేదు. రెమింగ్టన్‌లో ట్రిగ్గర్ గార్డు వెనక చోటు తక్కువ, మా వాడి మధ్యవేలి కణుపు తోలు లేస్తుంది ప్రతిసారీ.

కొనాలనుకుంటే ఒకటే చెబుతా, చవకగా ఉందని ఇత్తడి ఫ్రేము .44 "1851 నేవీ" కొనకండి. అసలు 1851 కోల్ట్ నేవీ .36, ఇనుప ఫ్రేము. ఇత్తడి రంగు ఫ్రేములు ఆ యుద్ధంలో దక్షిణాది పక్షం వాళ్లు, జార్జియాలో గ్రిస్‌వోల్డ్ లాంటివాళ్లు, ఇనుము కరువై చేసినవి, అవి కూడా .36. ఇత్తడి .44 చరిత్రలో లేదు, నా మొదటి తుపాకీ అదే. ఒక సీజన్ తిరిగేసరికి ఇరుసు దగ్గర వదులైంది, ఇప్పుడు గోడకు వేలాడుతోంది. ఇక కొన్నాక వేడినీళ్లు, సబ్బుతో అదే రోజు కడగాలి, రేపు అంటే తుప్పు. ఇంట్లో కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. వంటింటి సింకులో కడిగితే ఏమవుతుందో నేను చెప్పను. నాకు గ్యారేజీలో బకెట్ ఇచ్చారు.

ఇప్పుడు రేంజ్‌కు వెళితే నా బ్యాగులో రెండు అదనపు చీలలు, ఆ స్క్రూ, ప్లాస్టిక్ సుత్తి, ఒక అయస్కాంతం ఉంటాయి. మా వాడు తడిగుడ్డ ఒక్కటి జేబులో పెట్టుకుని వస్తాడు.