షెడ్డు మార్చాక హెటెరోఫిల్స్ పెరిగితే యాంటీబయాటిక్ ఇవ్వాలా?

ప్రశ్న: ఐదు రోజుల క్రితం లేయర్ కోళ్లను కొత్త షెడ్డుకు మార్చాను. అప్పటి నుంచి మేత తగ్గించాయి. రక్త పరీక్షలో హెటెరోఫిల్స్ 52 శాతం, లింఫోసైట్లు 40 శాతం వచ్చాయి. ఇన్ఫెక్షన్ కావచ్చని అంటున్నారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా?

జవాబు: ఈ రెండు అంకెలను మాత్రమే చూసి మందు మొదలుపెట్టవద్దు. మనుషుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చేసే పనిని కోళ్లలో హెటెరోఫిల్స్ చేస్తాయి. బ్యాక్టీరియా చొరబడిన చోటికి ముందుగా చేరి, దాన్ని మింగి, తమ రేణువుల్లోని లైసోజైమ్, డిఫెన్సిన్ల వంటి పదార్థాలతో చంపుతాయి. న్యూట్రోఫిల్స్‌లో ఉండే మైలోపెరాక్సిడేజ్ ఎంజైము వీటిలో లేదు. కోళ్లలో చీము పలుచగా కారకుండా జున్నులా గడ్డకట్టడానికి దీన్ని ఒక కారణంగా చెబుతారు.

అయితే ఇన్ఫెక్షన్ లేకపోయినా హెటెరోఫిల్స్ పెరుగుతాయి. కోళ్లను పట్టి తరలించినప్పుడు, వేడి ఎక్కువైనప్పుడు, నీరు అందనప్పుడు అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదలవుతుంది. దాని ప్రభావంతో రక్తంలో హెటెరోఫిల్స్ పెరిగి, మరో రకం తెల్ల రక్తకణాలైన లింఫోసైట్లు తగ్గుతాయి. ఈ రెండింటి నిష్పత్తిని ఒత్తిడికి కొలమానంగా వాడవచ్చని గ్రాస్, సీగెల్ అనే శాస్త్రవేత్తలు 1983లో చూపారు. వారి లెక్కల్లో సుమారు 0.8 ఉంటేనే ఎక్కువ ఒత్తిడి. మీ కోళ్లలో అది 1.3 (52ను 40తో భాగిస్తే). షెడ్డు మార్పు ఒక్కటే ఇంత పెంచిందా, దాని వెనుక ఇన్ఫెక్షన్ కూడా ఉందా అన్నది ఈ నిష్పత్తి చెప్పలేదు.

అందుకే అదే స్లైడును మళ్లీ చూడమని ల్యాబ్‌ను కోరండి. మొత్తం తెల్ల రక్తకణాల సంఖ్య బాగా పెరగడం, పరిపక్వం కాని హెటెరోఫిల్స్ కనిపించడం, కణద్రవ్యం నీలి ఛాయకు మారి రేణువులు తగ్గిపోవడం ఇన్ఫెక్షన్ వైపు బలంగా చూపుతాయి. కోళ్లలో ఎర్ర రక్తకణాలకు కూడా కేంద్రకం ఉంటుంది కనుక మనుషుల రక్తానికి వాడే యంత్రం లెక్కను నమ్మకూడదు. సూక్ష్మదర్శినిలో కంటితో చూసి లెక్కించాలి. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో హెటెరోఫిల్స్ ఖర్చైపోయి సంఖ్య పడిపోవచ్చు కనుక తక్కువ అంకె వచ్చినా నిశ్చింతగా ఉండలేము.

ఒత్తిడి ఎక్కువ రోజులు సాగితే రోగనిరోధక కణాలు తయారయ్యే బర్సా, థైమస్ అవయవాలు కుంచించుకుపోయి రోగనిరోధక శక్తి తగ్గుతుంది, ఇ.కోలి వంటి బ్యాక్టీరియా అప్పుడే చొరబడతాయి. నీరు, గాలి, మేత తొట్ల దగ్గర చోటు ముందు సరిచూడండి. గురక వినిపించినా, మరణాలు మొదలైనా రక్త నివేదిక కోసం ఆగకుండా, అప్పుడే చనిపోయిన కోడిని పోస్టుమార్టానికి, కల్చర్ పరీక్షకు పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. యాంటీబయాటిక్ అవసరమని ఆయన తేలిస్తే, గుడ్లను ఎన్ని రోజులు అమ్మకూడదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.