ఎంఆర్‌ఐ మిషన్‌లో ఉండలేక ఒకసారి లేచి వచ్చేశాను, రెండోసారి ఎలా పూర్తి చేశానంటే

మీరు రాసింది చదువుతుంటే నా సంగతే ఎవరో రాసినట్టు అనిపించింది. "నడుము నొప్పికి ఎంఆర్‌ఐ స్కాన్ రాశారు, బల్ల లోపలికి కదలగానే ఊపిరాడనట్టయి కేకలేసి బయటికి వచ్చేశాను, వచ్చే గురువారం మళ్లీ రమ్మన్నారు, ఈసారి ఎలా తట్టుకోవాలి?" అని మీరు అడిగారు. రెండేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. కుడిచెయ్యి తిమ్మిర్లెక్కుతుంటే మెడకి ఎంఆర్‌ఐ తీయించమన్నారు. మొదటిసారి రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయాను. పది రోజుల తర్వాత వేరే సెంటర్‌లో పాతిక నిమిషాలు కదలకుండా పడుకున్నాను. ఈ పది రోజుల్లో నాకు కొత్తగా ధైర్యం పుట్టుకొచ్చిందేమీ లేదు. లోపల ఏం జరుగుతుందో ముందే కనుక్కున్నాను, నాకేం కావాలో నోరు తెరిచి అడిగాను. అంతే తేడా.

మొదటిసారి నాకెవరూ ఏమీ చెప్పలేదు. నగలు తీయించారు, గౌను ఇచ్చారు, పడుకోమన్నారు. మెడ స్కాన్‌కి తల చుట్టూ ఒక ప్లాస్టిక్ చట్రం బిగిస్తారు. క్రికెట్ హెల్మెట్‌కి ముందు జాలీ ఉంటుందే, అలాంటిది. అది టక్కుమని పడగానే గుండె దడ మొదలైంది. బల్ల కదులుతుంటే కళ్లు తెరుచుకునే ఉన్నాను. ముక్కుకి జానెడు దూరంలో తెల్లటి గోడ. ఇబ్బందైతే పిలవడానికని చేతిలో పెట్టిన రబ్బరు బుడ్డిని వదలకుండా నొక్కేశాను. బయటికి తీశాక అక్కడున్నాయన, "చిన్నపిల్లలు కూడా పడుకుంటున్నారమ్మా, మీకేంటి?" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాటకే ఏడ్చాను. చిన్నపిల్లలకి చాలాసార్లు మత్తిచ్చే తీస్తారని తర్వాత తెలిసింది. మీతో కూడా ఎవరైనా అలా అని ఉంటే మనసులో పెట్టుకోకండి. ఓసారి కరెంటు పోయి లిఫ్ట్‌లో ఇరుక్కున్న దగ్గర్నుంచి, మూసిన చోటంటే నాకు ఒళ్లంతా చెమటలు పట్టేస్తాయి. "భయపడకు" అని ఎవరో చెప్పినంత మాత్రాన పోయే భయం కాదది.

మా డాక్టరు గారు మాత్రం కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. బల్ల లోపలికి వెళ్లే ఆ మిషన్ గొట్టం రెండు వైపులా తెరిచే ఉంటుంది, లోపల లైటు ఉంటుంది, ఫ్యాను గాలి వస్తూనే ఉంటుంది. మనకి ఊపిరాడనట్టు అనిపించేది గాలి చాలక కాదట, భయంతో గబగబా పీల్చడం వల్లట. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలతోనే బొమ్మ తీస్తారు. లోపలి తీగచుట్టల్లో కరెంటు మారుతున్నప్పుడల్లా అవి అదురుతాయి, ఆ అదురే మనకి వినపడే పెద్ద చప్పుడు. ఇది తెలియక మొదటిసారి మిషన్‌కి ఏదో అయిందనుకుని హడలిపోయాను. గొట్టాలు కూడా అన్నీ ఒకే సైజు ఉండవు. పాత వాటిలో చాలా వాటికి వెడల్పు 60 సెంటీమీటర్లు, కొత్తగా వస్తున్నవి చాలావరకు 70. పది సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, భుజాలు గోడకి తగలకుండా పడుకోవడానికి ఆ పదీ చాలా పెద్దవి. మనిషి ఛాతీని ఈ పద్ధతిలో మొదటిసారి స్కాన్ చేసింది 1977లో, న్యూయార్క్‌లో. అప్పుడు ఆ మనిషి దాదాపు 5 గంటలు లోపల ఉండాల్సి వచ్చిందట. ఇప్పుడు మెడకైనా నడుముకైనా మామూలుగా అరగంట లోపే అయిపోతుంది.

రెండోసారి ఫోన్ చేసి మరీ సెంటర్ వెతుక్కున్నాను. 70 సెంటీమీటర్ల మిషన్ ఉన్నది దొరికింది. "నాకు మూసిన చోటంటే భయం, ఒకసారి మధ్యలో వచ్చేశాను" అని ఫోన్‌లోనే చెప్పాను. అక్కడి కుర్రాడు విసుక్కోకుండా, "పర్లేదమ్మా, పొద్దున్నే రండి, రద్దీ ఉండదు" అన్నాడు. వెళ్లాక ముందు గదంతా చూపించాడు. మా చెల్లిని తోడుగా లోపల కూర్చోనిచ్చారు. అయితే అయస్కాంతం ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది కాబట్టి తోడు వచ్చినవాళ్లు కూడా ఫోను, ఏటీఎం కార్డు, వాచీ, నగలు అన్నీ బయటే పెట్టాలి. ఆడవాళ్లకి ఒక మాట. మంగళసూత్రాల తాడుకి తగిలించుకునే పిన్నీసులు చాలామందికి గుర్తుండవు. నాకు మూడు బయటపడ్డాయి. మెట్టెలు కొందరికి అంత తేలిగ్గా రావు, ముందురోజే సబ్బు నీళ్లతో తీసిపెట్టుకోండి. ఒంట్లో పేస్‌మేకర్, క్లిప్పులు, రాడ్లు ఏవైనా ఉంటే మాత్రం తప్పకుండా ముందే చెప్పాలి.

నన్ను కాపాడింది ఒక మడత పెట్టిన చేతిరుమాలు. బల్ల కదలకముందే, ఇంకా గదిలో పైకప్పు కనపడుతుండగానే, కళ్లు మూసుకుని దాన్ని కళ్ల మీద వేయించుకున్నాను. బయటికి వచ్చేదాకా తెరవలేదు. ఆ గోడ ఎంత దగ్గరగా ఉందో ఈసారి నేను చూడనే లేదు. మా చెల్లి నా కాలి బొటనవేలు పట్టుకుని కూర్చుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చడం, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలడం వారం రోజులుగా రాత్రిపూట మంచం మీద అలవాటు చేసుకున్నాను కాబట్టి అక్కడ గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇక చప్పుడు. చెవుల్లో దూది లాంటివి పెట్టి, పైన హెడ్‌ఫోన్ పెడతారు, అయినా వినపడుతుంది. ఒకటి రోడ్డు తవ్వే మిషన్‌లా, ఇంకోటి రైస్‌మిల్లులా, ఇంకోటి తలుపు మీద ఆగకుండా కొడుతున్నట్టు. నేను దానితో మనసులోనే ముగ్గు వేశాను. 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు. ఒక్కో దెబ్బకి ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయాను. వరస తప్పితే మళ్లీ మొదటికి. చుక్కలు అయ్యాక తామర పూలు కలపడం మొదలుపెట్టాను. చప్పుడు ఆగినప్పుడల్లా ముగ్గు కూడా ఆపి, గుటక వేసుకునేదాన్ని. మెడ స్కాన్‌లో చప్పుడు వస్తుండగా గుటక వేస్తే బొమ్మ చెదురుతుందని ఆ కుర్రాడు ముందే చెప్పాడు. ప్రతి చప్పుడుకి ముందు మైకులో, "ఇది నాలుగు నిమిషాలమ్మా", "ఇది రెండే" అనేవాడు. ఎంతసేపో తెలిస్తే మనసు ఎంత నిలబడుతుందో ఆ రోజు అర్థమైంది.

అయినా మధ్యలో ఒకసారి భయం తన్నుకొచ్చింది. ముగ్గు చెరిగిపోయింది, అరచేతులు చెమట పట్టేశాయి. బుడ్డి నొక్కాను. వెంటనే చప్పుడు ఆగింది. "చెప్పండమ్మా, బయటికి తీయమంటారా? మూడు అయ్యాయి, ఇంకా రెండున్నాయి" అన్నాడు. ఆ గొంతు వినపడితే చాలు అనిపించింది. "ఒక్క నిమిషం ఆగు బాబూ" అన్నాను. ఆగాడు. నాలుగైదు సార్లు ఊపిరి వదిలాక "కానివ్వు" అన్నాను. తల కదపలేదు కాబట్టి అయినవేవీ మళ్లీ తీయాల్సిన పని పడలేదు.

మీది నడుము కాబట్టి నాకు బిగించిన ఆ జాలీ మీకు ఉండదు, అదొక ఊరట. కాళ్లు ముందుగా లోపలికి పంపడం కుదురుతుందేమో అడగండి. కుదిరితే తల గొట్టం చివరికి దగ్గరగా ఉంటుంది. ఇవన్నీ చేసినా మీవల్ల కాదనిపిస్తే డాక్టరుని టెన్షన్ తగ్గించే మాత్ర అడగండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఇంట్లో ఎవరో వాడే నిద్రమాత్ర మాత్రం వేసుకుని వెళ్లకండి. మాత్ర వేసుకుంటే ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఉండాలి. మత్తిచ్చి తీయడం కూడా ఉంది, దానికి మత్తు డాక్టరు ఉండాలి, వాళ్లు చెప్పినన్ని గంటలు ఖాళీ కడుపుతో వెళ్లాలి. ఓపెన్ ఎంఆర్‌ఐ పక్కలకి తెరిచి ఉంటుంది గానీ, చాలావాటిలో అయస్కాంతం బలం తక్కువ, బొమ్మ అంత స్పష్టంగా రాదు. మీ నడుముకి అది సరిపోతుందో లేదో రాసిన డాక్టరే చెప్పాలి.

గురువారం దాకా ఆగకుండా రేపు పొద్దున్నే ఆ సెంటర్‌కి ఫోన్ చేయండి. పోయినసారి ఏం జరిగిందో చెప్పి, మిషన్ వెడల్పు ఎంత, తోడు ఒకరిని లోపల కూర్చోనిస్తారా, ప్రతి చప్పుడుకి ముందు ఎన్ని నిమిషాలో చెప్తారా అని అడగండి. విసుక్కుంటే ఇంకో సెంటర్‌కి చేయండి. ఈ రాత్రి నుంచే కళ్ల మీద రుమాలు వేసుకుని పది నిమిషాలు వెల్లకిలా పడుకోవడం మొదలుపెట్టండి.