తిరుపతిలో పాత బాత్రూమ్‌ని మినిమలిస్ట్‌గా మార్చాలంటే

5×8 అడుగుల పాత బాత్రూమ్‌ని మినిమలిస్ట్‌గా, అంటే హంగులు లేకుండా సింపుల్‌గా మార్చాలనుకుంటున్నాం, బ్లాక్ ట్యాపులు తీసుకోవచ్చా, గోడకు బిగించే కమోడ్ నిలుస్తుందా అని అడిగారు కదా. మా ఇంట్లో ఇంచుమించు అదే సైజు బాత్రూమ్ పోయినేడాది కొట్టించి మళ్లీ కట్టించాం కాబట్టి చెప్తున్నా.

బోరు నీళ్లయితే బ్లాక్ వద్దు. షోరూమ్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, ఇక్కడి ఉప్పునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, ఒక్కో చుక్క ఆరిన చోట తెల్లటి రింగు మిగులుతుంది, నలుపు మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మేము మామూలు క్రోమే పెట్టించాం, మరకలు పడినా నిమ్మచెక్కతో రుద్ది కడిగేస్తే పోతాయి. అద్దాల పార్టిషన్‌కీ ఇదే బాధ, రోజూ వైపర్ లాగే ఓపిక ఉంటేనే పెట్టించండి.

కమోడ్ నిలుస్తుంది, బరువంతా గోడలోని ఇనుప ఫ్రేమ్ మోస్తుంది, భయం అక్కర్లేదు. అసలు చూడాల్సింది పాత కమోడ్ పైపు నేలలోకి దిగుతుందా, గోడలోకి వెళ్తుందా అని. నేలలోకి అయితే పైపు మార్చాలి, పై అంతస్తయితే కింద ఇంటి వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.

డబ్బు టైల్స్ మీద కాదు, కింద కనపడని వాటి మీద పెట్టండి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు పోయే రంధ్రం గట్టిగా మూసి, రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి 48 గంటలు వదిలేయండి, లీకు ఉంటే అప్పుడే తేలిపోతుంది. మా బేల్దారి "ఎందుకు సార్, లేటవుతుంది" అని గొణిగాడు, అయినా అన్ని గంటలూ పని ఆపించాం. తర్వాత వాటం, అంటే నీళ్లు పారే వాలు: పెద్ద టైల్స్ వేస్తే నాలుగు వైపుల నుంచి మధ్యకు వాలు తేవడం కష్టం, అందుకే గోడ వెంబడి నీళ్లు పోయే పొడవాటి జాలీ పెట్టించి ఒకే వైపు వాలు ఇప్పించాం, మీటరుకు ఒక సెంటీమీటరైనా ఉండాలి, రసమట్టం పెట్టి మీరే చూసుకోండి. నేలకు మ్యాట్ టైల్, టైల్స్ సందుల్లో నీళ్లు పీల్చని ఎపాక్సీ ఫిల్లింగ్ వేయించండి.

ఇంకోటి, దర్శనానికని చుట్టాలు దిగే ఊరు మనది, ఒకే పొద్దున ఎనిమిది మంది స్నానాలు చేస్తారు. ఫోటోల్లో బకెట్ కనపడదు గానీ మన పెద్దవాళ్లకి బకెట్టూ చెంబూ ఉండాల్సిందే, దానికో కొళాయి, చోటూ ముందే ప్లాన్‌లో పెట్టుకోండి, బట్టలు తగిలించే కొక్కేలు కూడా.

గీజర్‌ని ఫాల్స్ సీలింగ్‌లో దాచేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, ఈ నీళ్లకి కాయిల్ మీద సున్నం కట్టేస్తుంది, మెకానిక్ చెయ్యి పట్టే సందు ఉండాలి.