టేబుల్‌లో గడులు దాచే పని: పెదనాన్న ఉత్తరం

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

జిల్లాలవారీ పరిశ్రమల టేబుల్ పని నీ మీద పడిందని, ఏ గడి దాచాలో తేలక టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం ఫ్యాక్టరీ ఇచ్చిన వివరం ఎవరిదో తెలిసేలా ప్రచురించకూడదు. పేరు తీసేస్తే సరిపోదు. జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలు రెండే ఉంటే, మొత్తంలోంచి తనది తీసేసి ఒకాయన రెండో ఆయన లెక్క పైసాతో సహా చెప్పేస్తాడు.

ఆ గడిలో 40 కోట్లుందనుకో. అదొక్కటే దాస్తే మిగతావి తీసేసి ఇట్టే పట్టేస్తారు. అదే వరుసలో ఇంకొకటి, మరో వరుసలో వాటికి సరిగ్గా ఎదురుగా రెండు, తక్కువలో తక్కువ నాలుగు దాచాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. చిన్న అంకె పోతే నష్టమేముందిలే అని 40 కింద ఉన్న 1ని దాస్తారు. నిలువు మొత్తం నుంచి ఆ రెండూ కలిపి 41 అని తేలిపోతుంది. ఏ అంకె కూడా సున్నా కంటే తగ్గదు కనుక మన 40 ఎంత ఎక్కువైనా 41 దాటదు. దాచీ దాచనట్టే! 1 బదులు 12 ఉన్న గడి దాస్తే, చూసేవాడికి అది 52 దాకా ఎంతైనా కావచ్చు. వరుసలో దానికి తోడుగా దాచిన గడి కూడా మరీ చిన్నది కాకూడదు సుమా.

చిన్న టేబుల్‌కు ఏవి దాస్తే నష్టం, అంటే జనానికి అందకుండా పోయే సమాచారం, తక్కువో కంప్యూటర్ కచ్చితంగా తేలుస్తుంది. రాష్ట్రం, జిల్లా, పరిశ్రమ, ఉపపరిశ్రమ అంటూ మొత్తాల మీద మొత్తాలు చేరితే మాత్రం రోజుల తరబడి నడిచినా తేలకపోవచ్చు. హ్యూరిస్టిక్, అంటే అన్నిటికన్నా మేలైనదే కాకపోయినా పనికొచ్చే జవాబును త్వరగా ఇచ్చే పద్ధతి, వాడాల్సింది అప్పుడే. కాపాడాల్సిన గడులను ఒక్కొక్కటిగా తీసుకుని తోడు వెతుకు. ముందు దాచినవి తర్వాతివాటికి అదనపు నష్టం లేకుండానే పనికొస్తాయి కాబట్టి, ఏది ముందన్నదాన్ని బట్టి మొత్తం నష్టం మారిపోతుంది. ఆ క్రమాన్ని వెతికే పని జెనెటిక్ అల్గారిథమ్‌కు అప్పగించు; అది మంచి క్రమాలను కలుపుతూ, కొద్దిగా మారుస్తూ రౌండు రౌండుకీ మెరుగైనవి వెతుకుతుంది.

భద్రత మాత్రం దాని చేతిలో పెట్టకు. రక్షణ చాలకపోతే జరిమానా అని ఫార్ములాలో కలిపావా, అది దర్జాగా జరిమానా కట్టేసి ఒక గడిని బయటపెట్టేస్తుంది. కాపాడాల్సిన ప్రతి గడికీ చూసేవాడు తేల్చగల కనిష్ఠం, గరిష్ఠం లీనియర్ ప్రోగ్రామింగ్ (కూడికల షరతుల్లో ఒక అంకె ఎంత తగ్గగలదో, ఎంత పెరగగలదో తేల్చే గణిత పద్ధతి)తో విడిగా లెక్కించు. తర్వాత తోడు గడులను ఒక్కొక్కటే తెరిచి చూడు. హద్దులు చెడకపోతే ఆ గడిని ప్రచురించెయ్. నెదర్లాండ్స్ గణాంక సంస్థ తయారుచేసిన టావ్-ఆర్గస్ అనే గడులు దాచే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, దాని ఫలితంతోనూ పోల్చుకో.

ఒకే యజమానివి మూడు ఫ్యాక్టరీలున్నా ఒకటిగానే లెక్కపెట్టు. అదే అంకె వేరే టేబుల్‌లో ఉంటే అక్కడా దాచు. రాండమ్ సీడ్‌ను, అంటే కంప్యూటర్ యాదృచ్ఛిక ఎంపికలు మొదలుపెట్టే అంకెను, ఫైల్‌లో రాసి ఉంచు. గంట కాగానే ఆపెయ్యమని కాక, ఇన్ని రౌండ్లు కాగానే ఆపమని పెట్టు. లేకపోతే రేపు పైవాళ్లు అడిగినప్పుడు అదే టేబుల్ మళ్లీ రాదు.

మీ పెదనాన్న