పడి లేచిన కెప్టెన్ గురించి

కడప

అమ్మీ, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివినాను. నౌకకు పెన్న అని పేరు పెట్టినావు చూడు, ఆ ఒక్కదానికే మనసు నిండింది. నీళ్ళకు మొహం వాచిన మన ఏరు నక్షత్రాల మధ్య పారుతోందంటే ఎవరికి సంతోషం కాదు! భాష గురించి నీకు చెప్పాల్సింది పెద్దగా లేదు. మూడో భాగం దగ్గర మాత్రం ఆగిపోయినాను. ఎదురొచ్చిన రాతి నుంచి తప్పించుకోను నౌక ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. కెప్టెన్ కుర్చీలోంచి ఎగిరిపోయి గోడకు కొట్టుకుంటుంది. మరుక్షణం లేచి, జుట్టు సర్దుకుని, ఆజ్ఞలిస్తుంది. ఆమెకు ఒళ్ళు లేదని నాకు అక్కడ తెలిసిపోయింది.

ఈ తప్పు నీతో మొదలైంది కాదు. 1966లో అమెరికా టీవీలో మొదలైన స్టార్ ట్రెక్‌లో నౌకకు దెబ్బ తగిలినప్పుడల్లా కెమెరాను వంచేవాళ్ళు, నటులు అటూ ఇటూ తూలేవాళ్ళు. వాళ్ళ కుర్చీలకు బెల్టులు లేవు. మనిషి పడితేనే తెర మీద దెబ్బ కనపడుతుంది కాబట్టి వాళ్ళకు అట్లా జరిగిపోయింది. మనకు తెర లేదు. మనిషి లోపల ఏమవుతుందో చెప్పే వీలు మనకుంది, దాన్ని ఎందుకు వదులుకోవాలి?

నా సంగతి ఒకటి చెప్తా. ఇరవై ఏళ్ళ కిందట రాయచోటి నుంచి బాడుగ కారులో వస్తూ గువ్వలచెరువులో ఆగి కోవా తీసుకున్నాను. ముందు సీటులో కూర్చున్నాను. బెల్టు సీటు సందులోకి దోపి ఉంది, దాన్ని బయటికి లాగాలన్న ధ్యాసే లేదు. ఘాటు దిగుతుంటే రెండో మలుపులో లారీ అడ్డం వచ్చింది, డ్రైవరు బ్రేకు తొక్కినాడు. కారు ఆగింది. ఒళ్ళోని కోవా పొట్లం ఆగలేదు. అది లేచి, నా కళ్ళ ముందే గాల్లో పోయి, అద్దానికి కొట్టుకుని విచ్చుకుంది. దాని వెనకనే నేను. జబ్బ దగ్గర ఎముక విరిగింది, మూడు నెలలు కలం పట్టలేకపోయినాను. బడిలో చదివిన జడత్వం అనే మాటకు ఆ పొద్దు అర్థం తెలిసింది. నొప్పి కంటే ఆ పొట్లమే బాగా గుర్తుంది నాకు. నన్ను ఎవరూ తొయ్యలేదు. కారు ఆగిపోయింది, నేను అంతకు ముందు పోతున్నట్టే పోతున్నాను, అంతే.

ఇప్పుడు నీ నౌక లెక్క చూద్దాం. పెన్న పది సెకన్లలో కాంతి వేగంలో పదో వంతు అందుకుంటుందని రాసినావు. అంటే సెకనుకు 30,000 కిలోమీటర్లు. భూమి మనల్ని లాగే బలాన్ని 1 జీ అంటే, నీ వాళ్ళ మీద పడేది సుమారు 3 లక్షల జీ. మనిషి మిగలడు. అదే వేగాన్ని 1 జీతో మెల్లగా అందుకోవాలంటే 35 రోజులు పడుతుంది. ఇది నీకు తెలిసే జడత్వాన్ని మింగే యంత్రం ఒకటి పెట్టినావు, మంచిదే. అది పూర్తిగా పనిచేస్తే కెప్టెన్ చేతిలో టీ కూడా తొణకదు. వెయ్యిలో ఒక వంతు జారితే 300 జీ, అందరూ పోతారు. లక్షలో ఒక వంతు జారితే 3 జీ. కట్టుకున్నవాళ్ళకు రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది, కట్టుకోనివాళ్ళు గోడకు పోయి పడతారు. అంత పెద్ద యంత్రం చేతిలోంచి జారిపోయే ఆ కొసరు ఉంది చూడు, బెల్టు పని అక్కడ. నీ మూడో భాగం మొత్తం ఆ కొసరులోనే జరగాల.

కట్టు సరిగ్గా ఉంటే మనిషి ఎంత తట్టుకుంటాడో కూడా తెలుసుకో. 1954 డిసెంబరులో జాన్ స్టాప్ అనే అమెరికా వైమానిక దళ వైద్యుడు రాకెట్ బండి మీద పట్టీలతో కట్టుకుని గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ బండి 1.4 సెకన్లలో ఆగింది. 46 జీ పడింది ఆయన మీద. కళ్ళలో రక్తనాళాలు చిట్లినాయి, కాసేపు చూపు పోయింది, మనిషి బతికినాడు. మనం కార్లలో పెట్టుకునే మూడు కొసల బెల్టును స్వీడన్ ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తెచ్చినాడు. 1984లో మన రాకేశ్ శర్మ పోయిన రష్యా నౌక సోయుజ్‌లో ఒక్కొక్కరి వీపు అచ్చు తీసి, దానికి తగ్గట్టు కుర్చీ లోపలి పొర చేస్తారు. మోకాళ్ళు మడుచుకుని వెల్లకిలా పడుకోవాల. ఒకరి కుర్చీ ఇంకొకరికి సరిపోదు. ఈ ఒక్క ముక్కలో ఒక కథ ఉంది, కావాలంటే తీసుకో.

ఇంకొకటి చెప్పాలంటే గుండె బరువవుతుంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అనే అంతరిక్ష నౌక భూమికి తిరిగి వస్తూ విచ్చిపోయినప్పుడు అందులో కల్పనా చావ్లా ఉంది. 2008లో నాసా వేసిన నివేదికలో బెల్టుల సంగతి విడిగా రాసినారు. భుజాల పట్టీలను పట్టి ఉంచాల్సిన రీళ్ళు అనుకున్నట్టు బిగుసుకోలేదు. నడుము కట్టు నిలిచింది, పై ఒంటికి ఆసరా లేకపోయింది. రీళ్ళు పట్టి ఉన్నా ఆ పొద్దు ఎవరూ దక్కేవాళ్ళు కాదు. అయినా ఏడుగురి కోసం పట్టీ పట్టీ తీసి చూసినారు. నీ కెప్టెన్ ఒళ్ళు మీద నీకూ అంత శ్రద్ధ ఉండాలని నా కోరిక.

అట్లాగని బెల్టు గురించి పాఠం రాయొద్దు. మనుషుల అలవాట్లు రాయి. బరువు తెలియని అంతరిక్ష కేంద్రంలో నిలబడాలంటే కమ్మీ కింద కాలి వేళ్ళు దూర్చాల. నెలలు గడిచేసరికి అరికాళ్ళు పసిబిడ్డ కాళ్ళలా మెత్తబడతాయి, పాదం పైభాగం కాయ కాస్తుంది. నీ కెప్టెన్ ఇరవై ఏళ్ళు నౌకలో బతికింది కదా, ఆమె పాదాలు ఎట్లుంటాయి? కొత్తగా చేరిన పిల్లవాడు బకిల్‌ను కళ్ళతో వెతుక్కుంటాడు, ఆమె చెయ్యి చూడకుండానే దాని మీదికి పోతుంది. ఇంజను గదిలో మంట లేచి, ఎవరో ఒకరు కట్టు విప్పి లేవాల్సి వస్తే, టక్‌మని ఊడిన ఆ చప్పుడుకు తక్కినవాళ్ళంతా తల తిప్పుతారు. ఇక ఆమె పడితే పడనీ, కానీ విరిగిన ఎముకతో ఆజ్ఞలివ్వాల. ఊపిరి అందక మాట మధ్యలో తెగాల. నాలుగో భాగంలో టీ ఎడమ చేత్తో తాగాల.

సెలవులు అయినాక నువ్వు కడపకు బస్సులోనే వస్తావు కదా. డ్రైవరు వెనక సీటు దొరికితే ఘాటులో కండక్టరును చూడు. మలుపు ఇంకా రాకముందే ఆయన తుంటి సీటుకు ఆనుతుంది, రెండు చేతులతో టికెట్లు కొడుతూనే ఉంటాడు. కొత్తగా ఎక్కినవాళ్ళు మలుపు వచ్చినాక కమ్మీ వెతుక్కుంటారు. అది రాసుకుని, మూడో భాగం తిరగరాసి, బ్రౌన్ లైబ్రరీకి తీసుకురా. ఆదివారం పొద్దున నేను అక్కడే ఉంటా.