పిల్లల షాంపూలో ఫార్మాల్డిహైడ్: ఎంత ఉంది, ఏ దారిన వెళ్తుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా పాపకు ఏడో నెల. పిల్లల షాంపూలో క్యాన్సర్ కలిగించే ఫార్మాల్డిహైడ్ బయటపడిందన్న పాత వార్త ఒకటి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మళ్లీ తిరుగుతోంది. సీసా వెనక ఎంత వెతికినా ఆ పేరు లేదు. అసలు ఉన్నట్టా, లేనట్టా? ఇన్నాళ్లు షాంపూ వాడినందుకు పాపకు పరీక్షలేమైనా చేయించాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: పరీక్షలేవీ అక్కర్లేదమ్మా. ఆ మాట ముందు చెప్పి తర్వాత వార్త సంగతికి వస్తాను.

మీకు వచ్చినది బహుశా 2019 నాటి వార్త. ఆ ఏడాది జాన్సన్ అండ్ జాన్సన్ పిల్లల షాంపూ నమూనాల్లో ఫార్మాల్డిహైడ్ ఉందని రాజస్థాన్ ఔషధ నియంత్రణ అధికారులు తేల్చారు. జాతీయ బాలల హక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలకు లేఖలు రాసింది. తాము ఆ పదార్థం కలపడం లేదని, పరీక్ష ఏ పద్ధతిలో చేశారో చెప్పలేదని సంస్థ వాదించింది. అంతకు పదేళ్ల ముందు, 2009 మార్చిలో, అమెరికాలోనూ ఇదే గొడవ జరిగింది. అక్కడ ఒక ప్రచార సంఘం 28 రకాల పిల్లల ఉత్పత్తులను పరీక్షించగా 23 రకాల్లో ఫార్మాల్డిహైడ్ కనిపించింది. అత్యధికంగా కనిపించినది 610 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 610 పాళ్లు.

సీసా మీద పేరు లేకపోవడానికి కారణం ఉంది. నీళ్లు కలిసిన ఏ సరుకులోనైనా సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక, క్వాటర్నియం-15 వంటి నిల్వ మందును కలిపేవారు. అది నీటిలో కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేస్తుంది. కలిపినది ఒకటి, పుట్టేది మరొకటి కావడంతో సీసా మీదికి మొదటి పేరే ఎక్కుతుంది.

ఇక ఆ 610 సంఖ్యను మన లెక్కలోకి తెచ్చుకుందాం. చెంచాడు, అంటే అయిదు గ్రాముల షాంపూలో అది సుమారు మూడు మిల్లీగ్రాములు. అందులో చాలా భాగం నురగతో పాటు కాలువలోకి పోతుంది. మన శరీరమే ఫార్మాల్డిహైడ్‌ను తయారు చేసుకుంటుంది. లీటరు రక్తంలో రెండు మూడు మిల్లీగ్రాములు ఎప్పుడూ ఉంటుంది, బయటి నుంచి చేరినది నిమిషాల్లో విరిగిపోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించిన మాట నిజమే. కానీ దానికి ముఖ్య ఆధారం ఏళ్ల తరబడి పనిచేసే చోట ఆ ఆవిరిని పీల్చిన కార్మికులే తప్ప తలంటు పోసుకున్న పిల్లలు కారు.

అలాగని ప్రచారకర్తలది వట్టి గోల అని కొట్టిపారేయలేను. ఫార్మాల్డిహైడ్ చర్మానికి పడకపోవడం వైద్యులకు బాగా తెలిసిన సమస్య, ఎగ్జిమా ఉన్న పిల్లలకు మరీ ఇబ్బంది. పైగా జాన్సన్ అండ్ జాన్సన్ అప్పటికే కొన్ని దేశాల్లో క్వాటర్నియం-15 లేని షాంపూ అమ్ముతూ, అమెరికాలో ఉన్నదే అమ్మిందని 2011లో బయటపడింది. ఒత్తిడి వచ్చాకే 2014 నాటికి మార్చిన షాంపూ తెచ్చింది. భయం హద్దు మీరింది; అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

పీల్చే దారి గురించి అన్నాను కనుక మరో మాట. తలంటు పోశాక పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, జుట్టు ఆరాలని సాంబ్రాణి పొగ పెట్టడం మన ఇళ్లలో మామూలు. ఆ పొగలో సన్నటి నుసితో పాటు ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది, అది నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. షాంపూ సీసాను చూసి భయపడేవారు ధూపం గురించి మాత్రం ఆలోచించరు. మెత్తటి తువ్వాలుతో తుడవండి, పొగ మానేయండి. పెద్దవాళ్లు నొచ్చుకుంటే నా పేరు చెప్పండి.

ప్రశ్న: అయితే నిల్వ మందు లేని, సహజమైనదని రాసిన షాంపూ కొనడం మేలా?
– అదే పాఠకురాలు

జవాబు: సహజమన్న మాట చూసి కొనవద్దు. నీళ్ల చెయ్యి తగిలిన ఆవకాయ ఎలా బూజు పడుతుందో మీకు తెలుసు. నిల్వ మందు లేని నీళ్ల షాంపూదీ అదే గతి. వాసన తక్కువగా ఉండే షాంపూ, క్వాటర్నియం-15 లేదా అలాగే ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే డీఎండీఎం హైడాంటోయిన్ పేర్లు లేనిది చూసుకుని, వారానికి రెండుసార్లు వాడితే చాలు. మిగతా రోజుల్లో తలకు గోరువెచ్చని నీళ్లే సరిపోతాయి.